కొలనులో నా మూల

సోమవారం

తప్పు చేసింది ప్రభుత్వం. ఆ తప్పుకు తాళం తీస్తానన్నది మా నాన్న.

రేపెప్పుడైనా మనసు మెత్తబడి మర్చిపోతానేమోనని ఈ రెండు వాక్యాలూ ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. పోయిన వారం కొత్త ఆర్డినెన్స్ వచ్చింది. గుంపులు గుంపులుగా అరెస్టు చెయ్యాల్సి వచ్చి, జైల్లో చోటు చాలకపోతే, జిల్లా అధికారి ఒక నోటీసు అంటించి ఏ ప్రభుత్వ భవనాన్నయినా తాత్కాలిక నిర్బంధ స్థలంగా ప్రకటించేసుకోవచ్చట. బడి అయినా సరే, గోదాము అయినా సరే. పట్టుకొచ్చినవాళ్ళను కోర్టు గుమ్మం ఎక్కించకుండానే వారం పాటు అక్కడ కూర్చోబెట్టవచ్చట. మా ఊళ్ళో అధికారుల కన్ను ఈతకొలను మీద పడింది. చలికాలం కదా, నీళ్ళు తీసేసి ఉంది. ఆ ఖాళీ గుంతలో మనుషుల్ని దించి, గట్టు మీద పోలీసుల్ని నిలబెడితే సరిపోతుందని వాళ్ళ లెక్క. వేరే గోడలు కట్టే పని కూడా లేదు.

ఆ కొలనుకు నాన్న ఆపరేటరు. పంపులు, ఫిల్టర్లు, గేటు తాళం, అన్నీ ఆయన చేతిలోవే. దాని వెనకాల రెండు గదుల క్వార్టర్స్‌లో మా కాపురం. అమ్మ పోయాక నాన్న చెల్లెలు, మా అత్త, మాతోనే ఉండిపోయింది. ఎండాకాలం కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. నేను పుట్టాక మొదట పీల్చిన వాసన క్లోరిన్ అని అత్త అంటూ ఉంటుంది. అలాంటి చోట ఈ రోజు ఇన్‌స్పెక్టరు బూట్లతో తిరిగాడు. ఎవరైనా తడికాళ్ళు కడుక్కోకుండా గట్టెక్కితే కేకలేసే మా నాన్న, ఆ బూట్లను చూసి కేకెయ్యలేదు. "సార్, ఆ మెట్టు దగ్గర జారుతుంది, చూసుకోండి" అన్నాడు. వాడు జారిపడితే బాగుండేది. జాగ్రత్త చెప్పాడు మా నాన్న.

నోటీసు వచ్చే సోమవారం ఉదయం తొమ్మిదింటికి అంటిస్తారట. ఊరేగింపు పదింటికి. సమ్మె చేశారని బస్సు డిపోలో డ్రైవర్లను, కండక్టర్లను ఒక్క కలంపోటుతో తీసేశారు కదా, వాళ్ళకోసం ఊరంతా నడుస్తాం. మా యువజన సంఘం వేసిన ఎత్తు ఒక్కటే. ఊళ్ళో ఉన్న జైలు అగ్గిపెట్టెంత. అందరం కలిసి అరెస్టయితే అది నిండిపోతుంది, వాళ్ళే విసిగిపోయి వదిలేస్తారు. ఇప్పుడీ కొలను దొరికితే మా ఎత్తు చిత్తు.

ఇదంతా తెలిసి కూడా, సోమవారం గేటు తాళం నేనే తీస్తానని వాళ్ళకు ఒప్పుకున్నాడు.

నాన్నతో మాట్లాడటం మానేశాను. ఇది కోపం కాదు. సిద్ధాంతం.


మంగళవారం

నాన్నతో మాట్లాడను కాబట్టి అత్తతో మాట్లాడాను. "అత్తా, ఆ ఉప్పు ఇటు జరపమని చెప్పు వాళ్ళకి."

నాన్న ఉప్పు గిన్నె చేత్తో పట్టుకుని అత్త వైపు తిరిగాడు. "ఉప్పెక్కువ తింటే రక్తపోటు వస్తుందని చెప్పు. రేపు నినాదాలు చేసేటప్పుడు కళ్ళు తిరుగుతాయి."

"మీ ఇద్దరికీ మధ్యలో నేనేమన్నా టెలిఫోను స్తంభాన్నా?" అని అత్త పళ్ళెం తీసుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చుని తినింది. దాంతో మేమిద్దరం ఎదురెదురుగా మిగిలిపోయాం. నాన్న ఉప్పు గిన్నె నా పళ్ళెం పక్కన పెట్టి, గోడకేసి చూస్తూ అన్నం తిన్నాడు. నేను ఉప్పు వేసుకోలేదు. చప్పగా తిన్నాను. ఆయన చూశాడు.

పొద్దుటి నుంచీ ఆయన కొలనులోకి దిగి బ్రష్షుతో పలకలు రుద్దుతున్నాడు. చలికాలంలో ఎప్పుడూ చెయ్యని పని. లోతు వైపు మూలల్లో పట్టిన పాచి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మరీ రుద్దుతున్నాడు. గట్టు మీద నిలబడి గాలితో అన్నట్టుగా అన్నాను, దొరలకు సేవ బాగానే సాగుతోందని. ఆయన తలెత్తలేదు.

"ఎవరో ఒకళ్ళు కూర్చుంటారుగా. పాచి మీద కూర్చోబెట్టమంటావా?"

ఒళ్ళు మండింది. నేను చదివిన కరపత్రాల్లో ఇలాంటివాళ్ళ గురించి ఎప్పుడో రాసి పెట్టారు. సంకెళ్ళకు నూనె రాసి, మెత్తగా ఉన్నాయి చూడండి అని చూపించేవాళ్ళట. ఆ మాట ఆయన మొహం మీదే అందామనుకున్నాను. అప్పటికే మాట్లాడటం మానేశానని గుర్తొచ్చి మింగేశాను.


బుధవారం

ఇంకా మాట్లాడటం లేదు. ఆయన గురించి ఆలోచించడం కూడా లేదు.


గురువారం

నేను పనిచేసే జిరాక్సు షాపులోనే మా సంఘం సమావేశాలు. ఓనరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి కునుకు తీసి గానీ రాడు. ఆ సందులోనే మా విప్లవాలన్నీ. ఈ రోజు ఆర్డినెన్స్ మొత్తం కాపీ దొరికింది. ఇన్నాళ్ళూ పేపర్లో వచ్చిన ముక్కలే చదివాం. అందరికీ ఒక్కో కాపీ తీశాను.

మా నాయకుడిని మైకు అంటాం. వాడు గుసగుసలాడినా పక్క వీధికి వినిపిస్తుంది. మా సందు చివర సెలూన్ నడిపే ఆయన కొడుకు. కాగితం ముందు పెట్టుకుని, కొలను వాళ్ళ చేతికి పోతే సోమవారం అరెస్టయిన ప్రతి ఒక్కళ్ళూ వారం పాటు అందులోనే, ఈ లోపు సమ్మె చల్లబడిపోతుంది అని తేల్చాడు. ఆ మాట నిజమే. ఆ తర్వాత ఇంకో మాట వచ్చింది, మైకు నోట కాదు, వెనకాల కూర్చున్న కాలేజీ వాళ్ళ నోట. కొలను వాళ్ళమ్మాయి ఉండగా ఇక్కడ అన్నీ మాట్లాడుకోవచ్చా అని.

స్టేప్లరు విసిరాను. తగల్లేదు. గోడకు తగిలింది. నేను తగలాలని విసరనూ లేదు.

మైకు నా పక్కన నిలబడ్డాడు. "దాని సంగతి నాకు తెలుసు. ఒకటో తరగతి నుంచీ చూస్తున్నా. కొడుతుంది గానీ మోసం చెయ్యదు" అన్నాడు. వాళ్ళు ఊరుకున్నారు. కానీ దారంతా ఆ మాటే చెవుల్లో గింగురుమంది. కొలను వాళ్ళమ్మాయి.

ఇంటికొస్తూ నిర్ణయించుకున్నాను. నీళ్ళుంటే అది కొలను. లేకపోతేనే గుంత. రేపు నాన్న జీతం బిల్లు పనిమీద మునిసిపల్ ఆఫీసుకు వెళ్తాడు. వాల్వు ఎర్ర చక్రం ఎక్కడుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.


శుక్రవారం

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నాన్న అటు వెళ్ళగానే పంపుగదిలోకి వెళ్ళి ఎర్ర చక్రం తిప్పాను. రెండు చేతులూ పెట్టి వేలాడితే గానీ కదల్లేదు. గొట్టాల్లో మొదట దగ్గినట్టు చప్పుడయింది, తర్వాత హోరుమని నీళ్ళు. ఆ చప్పుడు వింటే ఒంటిమీద రోమాలు లేచాయి. పలకల మీద నీళ్ళు పరుచుకుంటుంటే కాసేపు నిలబడి చూసి, తాళం వేసి, షాపుకు వెళ్ళిపోయాను. సాయంత్రానికి మోకాలి లోతు వస్తుందనుకున్నాను. పొద్దుటి నుంచీ పని చేస్తూ పాట కూడా పాడుకున్నాను.

మధ్యాహ్నం వచ్చేసరికి గేటు దగ్గర వీధి వీధంతా ఉంది. బిందెలతో, బకెట్లతో. ఎవరింట్లోనూ చుక్క నీళ్ళు రావట్లేదు. వీధికీ కొలనుకీ ఒకటే ట్యాంకు, అది మొత్తం ఖాళీ అయిపోయింది. బేకరీ ఆవిడ చేతులకు పిండి అలాగే అంటుకుని ఉంది. సెలూన్ ఆయన, అంటే మైకు వాళ్ళ నాన్న, ఒక కస్టమరును వెంటబెట్టుకుని మరీ వచ్చాడు, తలంతా సబ్బు నురగతో. ఆ పెద్దమనిషి ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో అందర్నీ చూస్తూ నిలబడ్డాడు.

కొలనులో ఏముంది? తడి. అంతే. శీతాకాలం వాననీళ్ళు నిలవకుండా లోతు వైపు అడుగున ఉండే డ్రెయిన్ తెరిచే ఉంచుతారు. అది మూయాలని నాకు తట్టలేదు. పోసిన నీళ్ళు పోసినట్టే కాలవలోకి పోయాయి. ఇరవై ఏళ్ళుగా ఆ గట్టు మీదే పెరిగాను. నీళ్ళు లోపలికి రావడమే చూశాను గానీ బయటికి ఎలా పోతాయో ఎప్పుడూ చూడలేదు.

నాన్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడు. గుంపును చూశాడు, తడి చూశాడు, నన్ను చూశాడు. ఎవరూ ఏమీ అడగకముందే చెప్పేశాడు.

"నేనే తిప్పాను. గొట్టాలు తుప్పు పడతాయని కాసేపు వదిలి, డ్రెయిన్ మూయడం మర్చిపోయి వెళ్ళిపోయాను. వయసు మీద పడుతోంది."

అందరూ ఆయన్ని తిట్టారు. బేకరీ ఆవిడయితే చెడామడా తిట్టింది. ఆయన తల వంచుకుని వింటూ నిలబడ్డాడు. నేను మధ్యలో చెబుదామనుకున్నాను. సందు దొరకలేదు. నిజంగానే దొరకలేదు. ఎవరి మాటా ఆగలేదు.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుంత తడిసిందని ఎవరు చెప్పారో. ఇంకోసారి ఇందులో నీళ్ళు కనిపిస్తే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి అన్నాడు. నాన్న 'సరే సార్' అన్నాడు. అన్నీ సరే.


శనివారం, పొద్దున

అత్త నిద్ర లేపింది. "లే. లేచి వీధిలోకి వెళ్ళి చెప్పు. మీ నాన్న నిన్న తిన్న తిట్లు నీవి. నీవి నువ్వు తెచ్చుకో."

వెళ్ళాను. ముందు బేకరీకి వెళ్ళి, చక్రం తిప్పింది నేనేనని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నాకు నిన్ననే అనుమానం వచ్చింది, అబద్ధం చెప్పేటప్పుడు మీ నాన్న చెవులు ఎర్రబడతాయి అంది. వేడి బ్రెడ్డు చేతిలో పెట్టి పంపింది. ఇన్నేళ్ళుగా ఆయన కూతుర్ని, నాకు ఆ చెవుల సంగతి తెలియదు.

వీధంతా చెప్పి తిరిగొచ్చేసరికి నాన్న కొలనులో ఉన్నాడు. బ్రెడ్డు ఇద్దామని నిచ్చెన దిగాను. అప్పుడు చూశాను.

లోతు వైపు, డ్రెయిన్‌కు దూరంగా, మధ్యాహ్నం ఎండ పడే మూల ఒకటి ఉంది. అక్కడ బట్టలు మార్చుకునే గదుల్లోని రబ్బరు చాపలు రెండు పొరలుగా పరిచి ఉన్నాయి. గోడకు ఆనుకోవడానికి చెక్క పలక. గాలి తగలకుండా ఒక పాత టార్పాలిన్ పట్టా. పక్కనే మూతపెట్టిన నీళ్ళ డబ్బా. మిగతా కొలనంతా రుద్దిన పలకలే, ఇంకేమీ లేదు.

నా సిద్ధాంతం పక్కన పెట్టి అడిగేశాను, ఇదెవరికని.

"ఎవరికేమిటి. నీకే." బ్రష్షు బకెట్లో ముంచుతూ అన్నాడు. "ఊరేగింపు మానేస్తావా నువ్వు? మానెయ్యవు. పట్టుకుంటారు. తెచ్చి ఇక్కడే దించుతారు. నీకు జలుబు చేస్తే ఛాతీలోకి దిగుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ తాళం నా దగ్గరుంటే కనీసం నేను గట్టు మీద ఉంటాను. వేరేవాడికి ఇస్తే నన్ను గేటు దాటనిస్తారా?"

కోపం వచ్చింది. ఏడుపు వచ్చేలా ఉన్నప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది.

"నాకొక్కదానికే మూల ఏంటి నాన్నా? పక్కన కూర్చునేవాళ్ళు మనుషులు కారా?"

"మనుషులే. వాళ్ళ నాన్నలెవరో నాకేం తెలుసు?"

"తెలుసుకో అయితే. మైకుగాడి నాన్న సెలూన్‌లోనే ఉన్నాడు. నీ గడ్డం కూడా పెరిగింది."

ఆయన గడ్డం తడుముకున్నాడు. బ్రెడ్డు తీసుకుని సగం తుంచి నాకిచ్చాడు. ఇద్దరం నా మూలలో, ఆ రబ్బరు చాపల మీద కూర్చుని తిన్నాం. నిజం చెప్పాలంటే మెత్తగానే ఉంది. చెప్పలేదు.


శనివారం, మధ్యాహ్నం

నాన్న సగం గడ్డంతో తిరిగొచ్చాడు. కుడి బుగ్గ నున్నగా ఉంది, ఎడమ బుగ్గ ఎప్పటిలాగే. సెలూన్ ఆయన గడ్డం గీస్తూ ఉండగా, సోమవారం మీ అబ్బాయిని కూర్చోబెట్టేది ఆ గుంతలోనేనని నాన్న చెప్పాడట. కొడుకు అరెస్టయ్యే పనిలో ఉన్నాడనే ఆయనకు తెలియదు. వాడు ఇంట్లో, సంఘం అంటే గ్రంథాలయం లాంటిది అని చెప్పాడట. ఆయన కత్తి కింద పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడట. కస్టమరు కూర్చోవాల్సిన కుర్చీలో. నాన్న లేచి నిలబడి, నురగ తుడుచుకుని, ఆయనకు మంచినీళ్ళు ఇచ్చి వచ్చాడు. వస్తూ వస్తూ దారిలో డిపో గేటు దగ్గర కూర్చున్న కండక్టర్ల దగ్గర చాలాసేపు ఆగాడట.

ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. పంపుగదిలోకి వెళ్ళాడు. ముందు డ్రెయిన్ మూశాడు. నాకు చూపించి మరీ మూశాడు. తర్వాత వీధిలో ప్రతి గుమ్మం దగ్గరికీ వెళ్ళి, సాయంత్రంలోగా ఉన్న గిన్నెలన్నీ నింపుకోండి, రెండు రోజులు ట్యాంకు నీళ్ళు సన్నగా వస్తాయి అని చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగినవాళ్ళకు ఎందుకో చెప్పాడు.

"ఇన్‌స్పెక్టరు చెప్పాడుగా, ఉద్యోగం పోతుందని" అన్నాను. భయంగా ఉంది. నిన్న నేను తిప్పినప్పుడు లేని భయం.

"చెప్పాడు. నోటిమాటగా చెప్పాడు. కొలనుకు ఆపరేటరుగా నన్ను పెట్టింది నీళ్ళు నింపడానికి. వద్దని ఇంతవరకూ ఎవరూ రాసివ్వలేదు." చక్రం మీద చెయ్యి వేసి అన్నాడు, "అయినా పోతే పోతుంది. నిన్ను కింద కూర్చోబెట్టి పైన నిలబడే ఉద్యోగం నాకెందుకు తల్లీ."

చక్రం కొంచెమే తిప్పాడు. హోరు లేదు. సన్నగా, తీరిగ్గా, నీళ్ళు.

అంతకుముందే చాపలు పైకి తెచ్చేశాం. నా మూల ఇప్పుడు మునిగిపోయింది.


ఆదివారం

మోకాలి దాకా వచ్చాయి నీళ్ళు. పొద్దున లేవగానే చూశాను. పళ్ళు తోముకుంటూ చూశాను. మళ్ళీ చూశాను.

అత్త మాత్రం సంబరపడలేదు. గిన్నెలన్నీ కడిగి సంచుల్లో సర్దుతోంది. దేనికని అడిగితే, రేపు క్వార్టర్స్ ఖాళీ చెయ్యమంటే వెతుక్కోకుండా ఉంటుందని మామూలుగా చెప్పింది. నీళ్ళుంటే ఇంక భయం లేదన్నాను. అత్త నవ్వింది. "నీళ్ళు నింపిన మీ నాన్నకి ఖాళీ చెయ్యడం రాదనుకుంటారా వాళ్ళు? పక్కన నిలబడి తియ్యమంటారు. అసలు ఆ కాగితంలో ఏముందో మొత్తం చదువు. నువ్వెప్పుడు చదివినా శిక్షల దగ్గర మొదలుపెట్టి ఆవేశం దగ్గర ఆపేస్తావు."

మెట్ల మీద కూర్చుని మొదటి నుంచీ పైకి చదివాను. సెలూన్ ఆయన, మైకు కూడా వచ్చి కూర్చున్నారు. తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం లేదు, మైకు నా వైపు తిరిగి వాళ్ళ నాన్నకు సమాధానాలు చెబుతున్నాడు. ఎంత చికాకుగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. నాలుగో పేజీలో ఉంది. నోటీసు అంటించే వేళకు ప్రజలు తమ అవసరానికి వాడుకుంటున్న భవనాన్ని నిర్బంధ స్థలంగా ప్రకటించకూడదు. బడులూ ఆస్పత్రులూ మూతపడకూడదని పెట్టుకున్న మాట అది. కానీ భవనం అనే ఉంది. బడి అని లేదు.

"అంటే జనం ఈత కొడుతూ ఉండాలి" అంది అత్త.

"ఈ చలిలోనా?" అన్నాడు సెలూన్ ఆయన.

"మీ అబ్బాయి వారం రోజులు ఈ చలిలో రాత్రీపగలూ పలకల మీద కూర్చుంటానంటున్నాడు. మీరొక గంట నీళ్ళలో నిలబడలేరా?"

ఆయన మైకు వైపు చూశాడు. "నాకు ఈత రాదు" అన్నాడు కొడుకుతోనే.

"తక్కువ లోతు వైపు ఉండు నాన్నా. నేను పట్టుకుంటాను" అన్నాడు మైకు. మొదటిసారి వాడి గొంతు పక్కింటికి కూడా వినిపించలేదు.

అప్పటి నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. రేపు జిల్లా అధికారి ఇది చదివి నవ్వి పక్కన పడెయ్యొచ్చు. అందర్నీ తడిబట్టలతోనే వ్యానెక్కించవచ్చు. నాన్న ఉద్యోగం ఎలాగూ దినదినగండమే. ఇవన్నీ నాన్నకు చెప్పాను. "ఉండనీ" అని ఫిల్టరు బిగిస్తూ, జనం దిగే నీళ్ళు కదా, క్లోరిన్ మందు తగినంత కలపాలి అన్నాడు. మిగిలిన ఎడమ బుగ్గను సెలూన్ ఆయన మా మెట్ల మీదే గీశాడు.

కరపత్రం నేనే రాశాను. మొదటిసారి రెండు పేజీలు వచ్చింది. పాలకవర్గాల కుటిల నీతి, చరిత్ర చక్రాలు, అన్నీ పెట్టాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. అత్త చదివి, ఇది చూస్తే బేకరీ ఆవిడ తలుపు కూడా తియ్యదు అంది. నాన్నను అడిగాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం, ప్రతి ముక్కా చదివాడు. బాగుంది అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మళ్ళీ రాశాను. జిరాక్సు షాపు తాళం నా దగ్గరే ఉంది, ఇప్పుడే వెళ్ళి కాపీలు తీస్తాను. వీధి వీధికీ మైకు, నేను. డిపో గేటు దగ్గరికి నాన్న తనే తీసుకెళ్తానన్నాడు. కాపీ తియ్యబోయే ముక్క ఇది:

'మన ఈతకొలనును జైలు చెయ్యబోతున్నారు. చేస్తున్నది జిల్లా అధికారి. రేపు సోమవారం ఉదయం తొమ్మిదింటికి నోటీసు అంటిస్తారు. ఆ వేళకు మనం వాడుకుంటూ ఉంటే, వాళ్ళు రాసుకున్న ఆర్డినెన్స్ ప్రకారమే అంటించకూడదు. నీళ్ళు నింపాం. చల్లగా ఉంటాయి, అబద్ధం చెప్పం. ఈత రానివాళ్ళకు మా అత్త నేర్పుతుంది, పెద్దవాళ్ళకైనా సరే. నీళ్ళలోకి దిగలేనివాళ్ళు గట్టు మీద కూర్చుని కాళ్ళు తడుపుకోండి. ఊరేగింపుకు అక్కడి నుంచే అందరం కలిసి బయల్దేరదాం. ఎనిమిది గంటలకల్లా రండి. గేటు మా నాన్న తీసి ఉంచుతాడు. తువ్వాలు తెచ్చుకోండి.'